తీగల కింద చీటీ

"అమ్మాయ్, మళ్ళీ అడుగుతున్నాను. ఈ చేతిరాత నీదా, కాదా?"

ఆడపడుచు ఆ ప్రశ్న వేయడం అది మూడోసారి. మొదటిసారి గుమ్మంలో నిలబడి అడిగింది. రెండోసారి చెప్పులు విడుస్తూ అడిగింది. ఇప్పుడు వంటింటి బల్ల మీద పత్రిక పరిచి, అది ముడుచుకుపోకుండా ఒక మూల తన కత్తెర పెట్టి అడుగుతోంది. ఆమె బట్టలు కుట్టే మనిషి. మిషను ముందు నుంచి లేచి తిన్నగా ఇక్కడికే వచ్చిందనడానికి భుజం మీద గుచ్చి మరచిపోయిన నాలుగు గుండుసూదులే సాక్ష్యం.

తమ్ముడి భార్య తొట్టి దగ్గర నిలబడి మోచేతులకు అంటిన పిండి కడుక్కుంటోంది. బేకరీలో పిండి కలిపే పని ఆమెది. అర్ధరాత్రి వెళ్ళి, ఉదయం పదింటికి ఇల్లు చేరి, పదకొండింటికి పడుకుని, సాయంత్రం ఆరింటికి లేస్తుంది. మూడేళ్ళుగా అదే క్రమం. ఇప్పుడు పదకొండూ పది అయింది.

"నాదే, వదినా."

"నీదే. సరే, ఒప్పుకున్నావు, సంతోషం. మరి మా తమ్ముడి ఫ్రిజ్ తలుపు మీద ఉండవలసిన చీటీ, ఆ జులపాలవాడి చేతిలోకి కాళ్ళొచ్చి నడిచి వెళ్ళిందా?"

పత్రికలో జులపాలవాడి ఫొటో పెద్దది. రాక్ బ్యాండ్ గాయకుడు అతను. ఒడిలో గిటారు పెట్టుకుని, కుడి అరచేతిలో మూడు చీటీలను పేకముక్కల్లా విప్పి చూపిస్తున్నాడు. కింద పెద్ద అక్షరాలతో అచ్చయింది: 'ఆమె రాసిన చీటీలే నా పాట.'

"నాకు తెలీదు," అంది ఆమె.

"తెలీదా! అయితే విను." ఆడపడుచు కళ్ళజోడు సవరించుకుంది. "'పంచదారకి చీమలు పట్టాయి. డబ్బా నీళ్ళ పళ్ళెంలో పెట్టాను. వదిన వస్తే చెప్పు.' ఎవరమ్మా ఈ వదిన? నేనే కదా! పేపర్లో ఒక్కసారైనా నా గురించి పడాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను గానీ, చీమల పక్కన పడుతుందని కల కనలేదు."

"అందులో మీ పేరు లేదు."

"పేరు లేకపోతే నేను నేను కాకుండా పోతానా? పొద్దున్న రేడియోలో ఏమన్నాడో తెలుసా వాడు? 'ఆవిడ ఇప్పుడు మరొకరి భార్య, పేరు చెప్పడం మర్యాద కాదు' అన్నాడు. మర్యాదస్థుడు! పేరు చెప్పడట, చేతిరాత మాత్రం సగం పేజీలో అచ్చు వేయిస్తాడట."

ఆమె కొళాయి కట్టేసింది. తువ్వాలు కోసం చూసింది. తువ్వాలు ఆడపడుచు కూర్చున్న కుర్చీ వీపున ఉంది. అది అడగడానికి బదులు తడి చేతులను అలాగే గాలిలో పట్టుకుని నిలబడింది.

మనిషి మాట్లాడకపోవడానికి ఎదుటివాళ్ళు సాధారణంగా ఒకే కారణం ఊహిస్తారు. ఆడపడుచు కూడా అదే ఊహించింది. ఆ ఊహ వల్ల ఆమె గొంతు, కోపం తగ్గి, భయంలోకి జారింది.

"నేను నీ మొగుడికి అక్కను. అమ్మ పోయాక వాడికి అన్నం పెట్టి పెంచినదాన్ని. వాడి మొహం చూసి ఈ పేపరు ఎలా చూపించను, చెప్పు? నువ్వు ఆ పాటగాడికి చీటీలు రాశావా?"

"మీ తమ్ముడికి రాశాను," అంది ఆమె. "మూడేళ్ళుగా మీ తమ్ముడికే రాస్తున్నాను. చేరినవి ఎన్నో నాకు తెలీదు."

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది.

*

లోపలికి వచ్చిన ఆమె భర్తను ఆ గాయకుడి బ్యాండులోనూ, ఆ బ్యాండు వినే కుర్రకారులోనూ పిడుగు అంటారు. డ్రమ్ముల ముందు కూర్చున్నప్పుడు అతనికి అంతకంటే తగిన పేరు లేదు. ఈ ఇంట్లో మాత్రం అతను తలుపును రెండు చేతులా పట్టుకుని, గడియ చప్పుడు కాకుండా మూస్తాడు. నిద్రపోయే మనిషి ఉన్న ఇంట్లో బతికి నేర్చుకున్న అలవాటు అది.

చేతిలో ఒక పొట్లం ఉంది. పెద్ద డ్రమ్మును కాలితో కొట్టే పెడల్ స్ప్రింగు తెగితే మరమ్మతుకు ఇచ్చి, తీసుకుని వస్తున్నాడు. మెకానిక్ దాన్ని ఆ రోజు పత్రికలోనే చుట్టి ఇచ్చాడు.

"అదిగో," అంది అక్క. "చేతపట్టుకుని మరీ వచ్చాడు. చదివావా, చుట్టుకుని తెచ్చావా?"

అతను పొట్లం వైపు చూశాడు. గాయకుడి సగం మొహం, చీటీలు పట్టుకున్న చెయ్యి పైకి కనిపిస్తున్నాయి. అప్పుడు బల్ల మీది పత్రిక చూశాడు. ఆ తర్వాతే భార్య వైపు చూశాడు. ఆ వరుసను ఆమె గమనించింది.

"అక్కా, నువ్వు ఇంటికి వెళ్ళు."

"వెళ్తాను. ఒక్క మాట చెప్పు, వెళ్తాను. ఈ చీటీలు వాడికి ఎలా చేరాయి?"

"నేనే ఇచ్చాను."

అక్క కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తింది.

"ఇచ్చావా? పెళ్ళాం రాసిన చీటీలు ఊళ్ళోవాళ్ళకి పంచిపెట్టడానికి నీకు..."

"ఆ పాట వాడిది కాదక్కా. నాది. నేను రాసుకున్నాను."

అక్క నవ్వింది. నవ్వాలని నవ్వలేదు, నవ్వు దానంతట అదే వచ్చింది. "నువ్వా? బళ్ళో పద్యం అప్పజెప్పమంటే బల్ల వాయించి కూర్చున్నవాడివి నువ్వు. ఆ పాట వింటూ నేను రెండు జాకెట్లకు చేతులు తిరగేసి కుట్టాను. ఏడ్చానురా. నువ్వు రాశావా?"

"ఆఁ."

"మరి వాడి పేరెందుకుంది?"

"ఎవరు పాడితే పాట వాళ్ళది. బ్యాండు మొదలుపెట్టిన రోజున నలుగురం అనుకున్న మాట అది. పాటలన్నీ వాడే పాడతాడు, కాబట్టి అన్నీ వాడివే. ఇన్నేళ్ళూ ఆ మాటతో ఇబ్బంది రాలేదు. అరిచే పాటలు ఎవరివైతే ఏమిటి?"

"ఇప్పుడే ఫోన్ చెయ్యి పేపరు వాళ్ళకి."

అతను పొట్లాన్ని గోడ పక్కన పెట్టాడు.

"చెయ్యవు. నాకు తెలుసు. వేదిక మీద చెవులు చిల్లులు పొడుస్తావు, ఇంట్లో నోట్లో నాలుక ఉండదు." అక్క లేచి కత్తెర తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, మరదలి వైపు తిరిగింది. క్షమాపణ ఆమెకు అలవాటైన కుట్టు కాదు. ఎక్కడ సూది దింపాలో తెలియలేదు. చివరికి కుర్చీ వీపు మీది తువ్వాలు తెచ్చి, ఆ తడి చేతుల మీద వేసింది.

"ఇక నుంచి పంచదార సీసాలో పొయ్యి. చీమలు పట్టవు," అని చెప్పి వెళ్ళిపోయింది.

*

వాళ్ళిద్దరూ పట్టపగలు, మెలకువగా, ఒకే గదిలో ఎదురెదురుగా ఉండటం చాలా రోజులకు జరిగింది. ఎక్కడ నిలబడాలో ఇద్దరికీ తెలియలేదు.

"నీకు చెబుదామనే అనుకున్నాను," అన్నాడు అతను.

"నాకు తెలుసు."

"ఏమిటి తెలుసు?"

"పాట. నాలుగు నెలలుగా తెలుసు. బేకరీలో ఓవెన్ దగ్గర పనిచేసే ముసలాయన చిన్న రేడియో పెట్టుకుంటాడు. పిండి మిషను ఆపిన ఆ రెండు నిమిషాల్లో వినిపించింది. 'పాలు కాచి మూత పెట్టాను.' ఎవరో నాలాగే పాలు కాచి మూత పెట్టారు కాబోలు అనుకున్నాను. 'కిటికీ వేసెయ్యి, వాన వచ్చేలా ఉంది.' అప్పుడు చెయ్యి ఆగింది."

"నన్ను అడగలేదేం?"

"నువ్వు చెప్పలేదేం?"

దానికి అతని దగ్గర ఉన్న జవాబు పొడవైనది, మాటల్లో పెట్టలేనిది. ఆమె మధ్యాహ్నాలు నిద్రపోయే ఇంట్లో డ్రమ్ముల మాట అటుంచి, గిన్నె కింద పెట్టడానికి కూడా జాగ్రత్త కావాలి. మొదటి ఏడాది అతను దిండు మీద పుల్లలతో సాధన చేశాడు. దిండు చప్పుడుకూ ఆమె నిద్రలో కదిలేది. ఆ రోజుల్లోనే మెడ విరిగిన గిటారు ఒకటి దొరికింది. బడిలో వడ్రంగి పని చేసే మామగారు దాన్ని అతికించి, నెలన్నర దాకా ముట్టుకోవద్దని చెప్పి, రోజు మార్చి రోజు ఫోన్ చేసి ముట్టుకున్నాడేమోనని అడిగేవారు. అతను ఆ గిటారు తీగల కింద, చప్పుడు చచ్చిపోయేలా, చేతిరుమాలు మడిచి దోపి వాయించుకునేవాడు. గొంతెత్తకుండా పాడుకునేవాడు. పాడటానికి మాటలు కావాలి. ఎదురుగా ఫ్రిజ్ తలుపు మీద, అయస్కాంతం కింద, బేకరీ ఆర్డరు చీటీల వెనకవైపున పెన్సిలుతో రాసిన ఆమె మాటలు ఉండేవి.

ఇవాళ దేశమంతా మెత్తని పాట అంటున్న ఆ పాట మెత్తగా ఉండటానికి కారణం ఇంతే. అతనికి ఆమె నిద్ర చెడగొట్టడం ఇష్టం లేదు.

"నీ మాటలు నాకు బాగుండేవి," అన్నాడు. "అందుకని దాచుకునేవాణ్ణి. బిస్కట్ల డబ్బాలో."

"మూడింటి చీటీ కూడా?"

అతని మొహంలో ఏమీ మారలేదు. అది చూశాక ఆమె మొహంలో మారింది.

ఆ పాటలో జనం కలిసి పాడే చోటు ఒకటుంది. గాయకుడు ఆగిపోతాడు, హాలంతా అందుకుంటుంది: 'మూడింటికి వెళ్తున్నాను... నువ్వూ రా.' ప్రేమికులు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునేది అక్కడే. రెండు పెళ్ళిళ్ళ శుభలేఖల మీద ఆ మాట అచ్చువేశారని ఎవరో చెప్పారు.

"ఆ చీటీ ఎప్పటిదో గుర్తుందా?" అంది.

"మావయ్య ఆస్పత్రిలో ఉన్నప్పటిది. రోజూ మూడింటికి వెళ్ళేదానివి కదా. రోజూ రాసేదానివి. 'మూడింటికి ఆస్పత్రికి వెళ్తున్నాను. చారు వేడి చేసుకో.' అలాంటివి పదో పన్నెండో..."

"ఒక్కదాన్లోనే 'నువ్వూ రా' అని ఉంటుంది."

"అవును. అందుకే అది..." అని ఆగాడు.

"చెప్పు. అందుకే?"

"అందుకే బాగుందనిపించింది."

ఆమె తువ్వాలును నాలుగు మడతలు పెట్టింది. మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ పెట్టింది.

"ఆ రోజు డాక్టరు ఫోన్ చేసి ఇంట్లోవాళ్ళందరినీ పిలవమన్నాడు. నువ్వు ఆ పొద్దున్నే వేరే ఊళ్ళో ప్రదర్శన ముగించుకుని వచ్చి ముందుగదిలో పడుకున్నావు. లేపకుండా చీటీ పెట్టి వెళ్ళాను. నాన్న 'అల్లుడు వచ్చాడా' అని మూడుసార్లు అడిగారు. వస్తున్నాడు, బస్సు దొరికి ఉండదు అన్నాను. ఐదింటి దాకా తలుపు వైపే చూశారు. తర్వాత చూడలేదు."

ఆ మధ్యాహ్నం అతనికి స్పష్టంగా గుర్తుంది. అంత మంచి మధ్యాహ్నం అతని జీవితంలో తక్కువ. లేచి, ఫ్రిజ్ మీది చీటీ చదివి, రెండు మాటలకు గుండె ఝల్లుమని, గిటారు తీసి, రుమాలు దోపి, ఐదింటి దాకా ఆ ఒక్క వాక్యానికి బాణీ వెతికాడు. పడకగది తలుపు మూసి ఉంది. మూడెప్పుడో దాటిందని తట్టక, ఆమె ఎప్పటిలాగే లోపల నిద్రపోతోందని, వేళ్ళ చప్పుడు కూడా వినిపించకూడదని, ఊపిరి బిగబట్టి వాయించాడు.

ఆ గదిలో ఎవరూ లేరు.

"నేను అది చదివాను," అన్నాడు మెల్లగా. "చదివాను గానీ నాకు రాసినట్టు చదవలేదు."

"నువ్వు చదివి రాలేదనే అనుకున్నాను రెండేళ్ళూ. ఆస్పత్రి వాసన పడదు కాబోలు, ఏడుపు చూడలేవు కాబోలు అని నీ బదులు నేనే కారణాలు వెతికాను. పాట విన్నాక వెతకడం మానేశాను."

"నన్ను తిట్టు."

"తిట్టడానికి ఓపిక కావాలి. తెల్లవార్లూ పిండి పిసికి వచ్చాను." కుర్చీలో కూర్చుంది. "అదైనా పోనీ. రెండో చీటీకి నువ్వు ఒక్క మాట అనలేదు చూడు, అది నాకు మింగుడు పడదు."

"రెండో చీటీ ఏమిటి?"

ఆమె తలెత్తి చూసింది.

"నాన్న పోయిన వారానికి రాసినది. పోయే ముందు నీకు ఒక మాట చెప్పమన్నారు. నాతో అక్షరం అక్షరం మళ్ళీ చెప్పించుకుని, చెబుతానని చేతిలో చెయ్యి వేయించుకున్నారు. నోటితో చెప్పబోతే ఏడుపొచ్చి పూర్తి చేయలేనని, పెద్ద చీటీ తీసుకుని రాసి తలుపు మీద పెట్టాను. మర్నాడు వచ్చేసరికి చీటీ లేదు. నువ్వు తీశావు. ఏమీ అనలేదు. సాయంత్రం 'టూత్‌పేస్టు అయిపోయింది' అన్నావు."

"నేను చూడలేదు."

"అబద్ధం చెప్పకు."

"నిజంగా చూడలేదు. ఆ వారం..." ఆ వారం రికార్డింగు. డ్రమ్ములు బిగించి, శబ్దం కుదుర్చుకోవడానికి సగం రోజు పడుతుంది కనుక డ్రమ్మర్ అందరికంటే ముందు వెళ్తాడు. అతను స్టూడియో నుంచి గాయకుడికి ఫోన్ చేశాడు. మా ఇంటి తాళం పక్కింట్లో ఉంది, గిటారు, బిస్కట్ల డబ్బా పట్టుకురా. ఫ్రిజ్ తలుపు మీద ఉన్నవి కూడా. ఉన్నవన్నీ.

ఉన్నవన్నీ.

"నేనే తీసుకురమ్మన్నాను," అన్నాడు. "వాణ్ణి. చూడకుండా."

రికార్డింగు అయ్యాక తిరిగొచ్చిన ఆ డబ్బాను అతను లోపలికి పరుగెత్తి తెచ్చాడు. చీటీలన్నీ బల్ల మీద పోసి ఒక్కొక్కటీ తిప్పాడు. పాలు, వాన, తాళంచెవి, చారు, బల్బు. జీవితంలో మొదటిసారిగా వాటిని తనకు వచ్చిన ఉత్తరాల్లా చదివాడు. నూట పన్నెండు చీటీల్లో పెద్దది ఒక్కటీ లేదు.

"ఏమని చెప్పారు మావయ్య? నువ్వు చెప్పు. నీకు గుర్తుంటుంది కదా."

"గుర్తుంది."

"చెప్పు మరి."

"చెప్పేశాను," అంది లేస్తూ. "చెబుతానని మాటిచ్చాను, చెప్పాను. మళ్ళీ చెబితే అది నాన్న మాట అవదు. నీ మీద నేను పడే జాలి అవుతుంది. వెతుక్కో. దొరికాక మాట్లాడుకుందాం. దొరక్కపోతే మనకి మాట్లాడుకునేందుకు ఏముంది? చీటీలుంటాయి, అంతే. అవి కూడా ఇక రాయను."

పడకగది తలుపు మూసుకుంది. మూడేళ్ళలో ఆమె చీటీ పెట్టకుండా పడుకోవడం అదే మొదలు. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం ఒక్కటే ఉంది, ఏమీ పట్టుకోకుండా.

*

హాల్లో సాయంత్రం ప్రదర్శనకు మైకులు సరిచూస్తున్నారు. కుర్చీలు ఖాళీ. కింద బల్ల దగ్గర శబ్దం చూసే ఆవిడ హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకుని అరటిపండు తింటోంది. గాయకుడు స్టూలు మీద కూర్చుని అదే గిటారును శ్రుతి చేసుకుంటున్నాడు.

"రా గురూ! పెడల్ బాగైందా? పేపరు చూశావా? ముక్కు కొంచెం లావుగా పడింది గానీ..."

"ఒక చీటీ కావాలి. మిగతావాటికంటే పెద్దది. డబ్బాలో లేదు."

గాయకుడి వేళ్ళు తీగల మీద ఆగాయి.

"మా ఆవిడ పరువు పోతోంది," అన్నాడు పిడుగు. "పేపర్లో ఉన్నది ఎవరి చేతిరాతో మా అక్క కనిపెట్టింది. రేపు ఇంకొకరు కనిపెడతారు."

"నేను ఎవరి పేరూ చెప్పలేదు. అసలు అబద్ధం నేను మొదలుపెట్టలేదు గురూ. 'ఎవరి కోసం రాశారు' అన్నారు. నవ్వాను. నవ్వితే వాళ్ళే రాసుకున్నారు. మళ్ళీ అడిగితే కాస్త కలిపాను. తర్వాత..." తల వంచి తీగ ఒకటి మీటాడు. "తర్వాత నాకే బాగుందనిపించింది. 'పాలు కాచి మూత పెట్టాను' అని నాకు ఎవరు రాశారు చెప్పు? హోటల్ గదిలో 'శుభ్రం చేయవద్దు' అనే అట్టముక్క ఒక్కటే నా తలుపుకి వేలాడేది. నీకు నూరున్నాయి. ఒక దాంట్లో నేను కాసేపు తలదాచుకుంటే ఏం పోయింది?"

అది ఎత్తిపొడుపు కాదని పిడుగుకు తెలిసింది. తెలిసినందువల్ల కోపం తెచ్చుకోవడం కష్టమైంది.

"పెద్ద చీటీ ఎక్కడుంది?"

గాయకుడు గిటారును అతని వైపు తిప్పాడు. తీగలు కట్టే పట్టీకి పక్కన, ఆరు తీగల కిందా, మాసిపోయిన మందపాటి కాగితం మడత ఉంది.

"రికార్డింగు రోజున నీ చేతిరుమాలు రాలేదు. రుమాలు లేకపోతే ఆ శబ్దం రావడం లేదు. డబ్బాలోవన్నీ పాటకి కావలసినవే. ఇదొక్కటీ పొడుగ్గా ఉంది, లెక్చరులాగా. పాటకి పనికిరాదని ఎనిమిది మడతలు పెట్టి దోపాను. సరిగ్గా అతికింది. అప్పటినుంచీ తియ్యలేదు."

"చదవలేదా?"

"నీకు రాసింది నేనెందుకు చదువుతాను?" అన్నాడు గాయకుడు. ఆ మాట ఎంత వింతగా ఉందో అతనికి తట్టలేదు.

పిడుగు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ప్రతి ప్రదర్శనలోనూ ఆ పాట వచ్చినప్పుడు డ్రమ్ములు ఉండవు. పుల్లలు తొడల మీద పెట్టుకుని, చీకట్లో నాలుగు నిమిషాలు ఊరికే కూర్చుంటాడు. అలా ఎన్ని రాత్రులు కూర్చున్నాడో, అన్ని రాత్రులూ మామగారి మాట అతనికి నాలుగడుగుల దూరంలోనే ఉంది.

గోటితో మెల్లగా లాగాడు. కాగితం వచ్చింది.

గాయకుడు అలవాటుకొద్దీ ఒకసారి తీగలు మీటాడు. ఖంగుమని హాలంతా మోగింది. కింద శబ్దం చూసే ఆవిడ ఉలిక్కిపడి, "ఏమైంది? ఆ పాట శబ్దం అది కాదే!" అని అరిచింది.

అతను మడతలు విప్పుతున్నాడు. పెన్సిలు రాత. లోపలికి పడిన సగం నిన్న రాసినట్టుంది. బయటికి పడిన సగం రెండేళ్ళ చేతి చెమటకీ, తీగల ఒరిపిడికీ అరిగిపోయి, ఆరు నల్లని గీతలు తప్ప మరేమీ మిగల్లేదు.

మిగిలినది ఇది:

'నాన్న నీతో చెప్పమన్నారు. రాలేదని నీ మీద కోపం లేదన్నారు. నువ్వు ఆ గిటారు వాయిస్తుంటే ఒకరోజు గుమ్మం బయట నిలబడి విన్నారట. లోపలికి రాకుండా వెళ్ళిపోయారట. పాట బాగుందన్నారు. కానీ'

ఆ తర్వాత ఆరు గీతలు.

"ఏం రాసి ఉంది?" అన్నాడు గాయకుడు.

"సగమే ఉంది."

"మిగతా సగం?"

అతను కాగితాన్ని వెలుతురుకు పట్టాడు, వెనక్కి తిప్పాడు, ఏటవాలుగా పట్టి చూశాడు. బేకరీ ఆర్డరు మాత్రం స్పష్టంగా ఉంది: పెద్ద రొట్టెలు నలభై, చిన్నవి రెండు వందలు. మిగతా సగం ఇప్పుడు లోకంలో ఒక్క మనిషి దగ్గరే ఉంది. ఆ మనిషి మళ్ళీ చెప్పనంది.

"ఏడున్నరకి మొదలు గురూ," అంది గాయకుడి గొంతు వెనక నుంచి. "వస్తావు కదా?"

*

ఇల్లు చేరేసరికి ఐదైంది. అలవాటుకొద్దీ రెండు చేతులా తలుపు మూశాడు. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు. వంటింట్లో చీటీలు బల్ల మీద పోసినవి పోసినట్టే ఉన్నాయి. కిటికీ తెరిచి ఉంది. గాలికి రెండు మూడు కింద పడ్డాయి. వంగి తీశాడు. ఒకదాని మీద 'కిటికీ వేసెయ్యి' అని ఉంది. వెళ్ళి కిటికీ వేశాడు.

తర్వాత పడకగది తలుపు ముందు నిలబడ్డాడు.

ఆమె లేవడానికి ఇంకా గంట ఉంది. మూడేళ్ళలో అతను ఆ తలుపును ఆ వేళలో ఒక్కసారి కూడా తట్టలేదు. దాన్ని ప్రేమ అనుకున్నాడు. పాటలో కూడా అదే రాశాడు. తట్టి ఉంటే, ఆ రోజు మధ్యాహ్నం ఒక్కసారి తట్టి ఉంటే, ఖాళీ గది అతనికి చెప్పవలసినది చెప్పి ఉండేది. ఆస్పత్రి రెండు బస్సుల దూరం. ఐదింటిలోగా చేరేవాడు.

వేళ్ళు మడిచాడు. వేలమంది ముందు ఎంత గట్టిగానైనా కొట్టగల చెయ్యి, చెక్కతలుపుకు అంగుళం దూరంలో ఆగింది.

ఒక్కసారి కొట్టాడు. అనుకున్నదానికంటే గట్టిగానే తగిలింది.

లోపల మంచం కిర్రుమనలేదు. ఉలిక్కిపడి లేచిన మనిషి అలికిడి వినిపించలేదు. నిద్రలో ఉన్న మనిషైతే తప్పకుండా కదిలేది.

అంటే ఆమె మేలుకునే ఉంది.

చేతిలో సగం చెరిగిన కాగితంతో, తలుపుకు ఈవల, అతను రెండోసారి చెయ్యెత్తాడు.